ఎనిమిది నెలలుగా మందులు ఆపేశాను, మళ్ళీ వెళ్తే ఇస్తారా?

విభాగం: ఆరోగ్యం – తిరుపతి, చిత్తూరు

పలమనేరు_లారీ | ఆదివారం, రాత్రి 10:48

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నాకు 41 ఏళ్ళు. లారీ నడుపుతాను. సీజన్‌లో మామిడి, మిగతా రోజుల్లో టమాటా, ఎక్కువగా చెన్నై కోయంబేడు మార్కెట్‌కే లోడు. ఆరేళ్ళ కిందట హెచ్‌ఐవీ పాజిటివ్ అని తెలిసింది. అప్పటి నుంచి ఏఆర్‌టీ మందులు, అంటే వైరస్‌ను అణచి ఉంచేవి, వాడుతూ వచ్చాను. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడటం లేదని చెప్పారు. నా భార్యకు నెగటివ్.

ఎందుకు ఆపావంటే ఇదీ కారణం అని ఒకటి చూపించలేను. గుంతల రోడ్డు మీద పోతుంటే డబ్బాలో మాత్రలు గలగలమనేవి. కొత్తగా చేరిన క్లీనర్ కుర్రాడు "ఏందన్నా ఆ చప్పుడు" అన్నాడు. ఆ రోజే డబ్బా మీది లేబుల్ గోటితో గీకేసి, లోపల దూది కుక్కాను. కొన్నాళ్ళకు మా అమ్మ పోయింది. కర్మ అయ్యేదాకా ఇంటినిండా చుట్టాలు. డబ్బా బీరువాలోంచి బయటికే తీయలేదు. మందులు తెచ్చుకోవాల్సిన తేదీ దాటిపోయింది. నెల తర్వాత వెళ్తే అక్కడ ఒకరు అందరి ముందే "నీలాంటోళ్ళ వల్లే మాకు తిప్పలు, ప్రాణం మీద తీపి లేదా" అని గట్టిగా అరిచారు. వరసలో ఉన్నవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. మందు తీసుకోకుండానే వచ్చేశాను. ఏ సెంటరో రాయను.

అది జరిగి ఎనిమిది నెలలు. బాగా బరువు తగ్గాను. మూడు వారాలుగా దగ్గు. రాత్రిళ్ళు చొక్కా తడిసిపోయేంత చెమట. మళ్ళీ వెళ్తే మందులు ఇస్తారా? పేరు కొట్టేసి ఉంటారా?

రేణిగుంట_పద్మ | ఆదివారం, రాత్రి 11:05

తమ్ముడూ, ఇస్తారు. పేరు కొట్టేయరు. ఇది ముందు మనసులో పెట్టుకుని పడుకోండి. రేపు పొద్దున వివరంగా రాస్తాను. ఆ దగ్గు సంగతి మాత్రం ఆలస్యం చేయకండి.

నిర్వాహకులు | సోమవారం, ఉదయం 6:30

ఈ చర్చలో ఎవరూ ఎవరినీ ఊరి పేరు, వీధి, లారీ యజమాని వివరాలు అడగొద్దు. అలాంటి ప్రశ్న ఒకటి ఇప్పటికే తీసేశాం. ఇక్కడ రాసేది వైద్యానికి బదులు కాదు, దారి చూపడం వరకే. ఎవరికైనా నేరుగా మాట్లాడాలనిపిస్తే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) వారి ఉచిత ఫోన్ నంబరు 1097 ఉంది, పేరు చెప్పనక్కర్లేదు.

రేణిగుంట_పద్మ | సోమవారం, ఉదయం 7:12

నేను పాజిటివ్ అని తెలిసి 20 ఏళ్ళు దాటింది. మధ్యలో ఒకసారి 11 నెలలు మందులు మానేశాను. ఇప్పుడు రోజూ వాడుతున్నాను. తోటివాళ్ళను సెంటర్‌కు తీసుకెళ్ళే పని చేస్తున్నాను. కాబట్టి విన్నది కాదు, పడింది చెప్తున్నా.

మన దేశంలో ఈ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అంతకుముందు మన జిల్లా నుంచి ఎంతోమంది చెన్నై దగ్గర తాంబరం శానటోరియం స్టేషన్‌లో దిగి అక్కడి పెద్దాసుపత్రికి పోయేవాళ్ళు. మా ఆయన్ను అలాగే తీసుకెళ్ళాను. మందు కొనే స్తోమత లేక తిరిగొచ్చేశాం. ఆయన్ను దక్కించుకోలేకపోయాను. ఇప్పుడు తిరుపతి రుయా ఆసుపత్రిలో ఏఆర్‌టీ సెంటర్ ఉంది, చిత్తూరు జిల్లా ఆసుపత్రిలో ఉంది. పైసా ఖర్చు లేదు.

నేను తిరిగి వెళ్ళిన రోజు గేటు దాకా మూడుసార్లు పోయి, మూడుసార్లు టీ కొట్టు దగ్గరికే వెనక్కి వచ్చాను. నాలుగోసారి లోపలికి వెళ్తే కౌన్సిలర్ నా గ్రీన్ బుక్ (మందుల వివరాలు రాసే పుస్తకం) తెరిచి, పాత తేదీల మీద వేలు పెట్టి "ఇంత కాలం క్రమంగా వచ్చారు కదమ్మా, మధ్యలో ఏం కష్టం వచ్చింది?" అని అడిగింది. ఎందుకు మానేశావ్ అనలేదు. కష్టం ఏమిటని అడిగింది. నేను ఇవాళ ప్రాణాలతో ఉండి ఇది రాస్తున్నానంటే ఆ ఒక్క ప్రశ్న వల్లే.

తమ్ముడూ, మీ పాత సెంటర్‌కు వెళ్ళడం కష్టమనిపిస్తే వేరే సెంటర్‌కు మార్పించుకోవచ్చు. గ్రీన్ బుక్ ఉంటే తీసుకెళ్ళండి. పోయినా ఫర్వాలేదు, కంప్యూటర్‌లో మీ వివరాలు ఉంటాయి.

మామిడితోపు_77 | సోమవారం, ఉదయం 8:40

ఒక మాట. మధ్యమధ్యలో గ్యాప్ ఇస్తే లివర్‌కు, కిడ్నీకి రెస్ట్ దొరుకుతుందని మా వైపు అంటారు. ఎనిమిది నెలలు ఒంటికి విశ్రాంతి దొరికిందని అనుకోకూడదా? ఆయన ధైర్యం కోసం అడుగుతున్నా.

జనరల్_వార్డు | సోమవారం, మధ్యాహ్నం 2:20

తిరుపతిలో ఫిజీషియన్‌ని. ఈ ఒక్క నమ్మకం వల్ల ఎంతమంది దెబ్బతిన్నారో చూశాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను. విశ్రాంతి దొరికేది వైరస్‌కు, ఒంటికి కాదు.

ఈ ఆలోచన ఒకప్పుడు డాక్టర్లకూ వచ్చింది. మందుల దుష్ప్రభావాలు తగ్గించాలని స్మార్ట్ అనే పెద్ద పరిశోధన చేశారు. 33 దేశాలు, 5,472 మంది. కొందరికి ఎడతెరపి లేకుండా మందు, మిగతావాళ్ళకు సీడీ4 (రక్తంలో రక్షణ కణాల లెక్క) బాగుంటే ఆపి, పడిపోతే మళ్ళీ ఇవ్వడం. ఆపిన గుంపులో మరణం, లేదా ఎయిడ్స్ సంబంధ జబ్బుల ముప్పు రెండున్నర రెట్లకు పైగా ఉందని తేలింది. పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. గుండె, కిడ్నీ, లివర్ జబ్బులు కూడా ఆపినవాళ్ళలోనే ఎక్కువ. ఇది 2006 నాటి మాట.

మందు ఆపితే వైరస్ చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో రక్తంలోకి తిరిగొస్తుంది. అది చచ్చిపోలేదు, కొన్ని కణాల్లో దాక్కుని ఉంది. మందు కాపలా ఉన్నంతసేపు బయటికి రాదు. ఇంకో సంగతి, ఇప్పటి ఏఆర్‌టీ మాత్రలో ఉండే టెనోఫోవిర్, లామివుడిన్ హెపటైటిస్ బి మీద కూడా పనిచేస్తాయి. ఆ జబ్బు కూడా ఉన్నవాళ్ళు ఉన్నట్టుండి ఆపితే లివర్ ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. లివర్‌కు రెస్ట్ అనే మాట ఎంత తలకిందులో చూడండి.

పలమనేరు అన్నా, ఇప్పుడు మీకు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమట. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటున్నా టీబీ పరీక్ష చేయాలి. మీకు మూడున్నాయి. ఇంట్లో పాత డబ్బా ఉంటే మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. ముందు కఫం పరీక్ష, సీడీ4, అవసరమైతే ఎక్స్‌రే. టీబీ ఉంటే దాని మందు ముందు మొదలుపెట్టి, సాధారణంగా రెండు వారాల లోపు ఏఆర్‌టీ ఇస్తాం. తట్టుకోలేనంత తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం లాంటివి ఉంటే ఈ పూటే క్యాజువాలిటీకి వెళ్ళండి. మెదడు పొరల్లో ఫంగస్ చేరినా అలాగే ఉంటుంది, అప్పుడు ఏఆర్‌టీ కొన్ని వారాలు ఆగి ఇవ్వాలి.

మామిడితోపు_77 | సోమవారం, మధ్యాహ్నం 3:02

డాక్టర్ గారూ, క్షమించండి. మా బావమరిదికి ఈ మాట నేనే చెప్పాను పోయిన ఏడాది. ఈ రాత్రికే ఫోన్ చేస్తాను.

చంద్రగిరి_వాసి | సోమవారం, సాయంత్రం 6:15

ఎవరినీ నొప్పించాలని కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను. ప్రభుత్వం ఉచితంగా మందు ఇస్తుంది. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి నెలకు 4,000 పింఛను కూడా ఇస్తున్నారు. ఇంత చేసినా మానేసినవాళ్ళకు మళ్ళీ మళ్ళీ ఇవ్వడం సబబేనా? క్రమంగా వాడేవాళ్ళకు అన్యాయం కాదా? మా నాన్న షుగర్ మాత్రలు జేబులోంచి కొనుక్కుంటాడు.

రేణిగుంట_పద్మ | సోమవారం, సాయంత్రం 6:50

షుగర్ మాత్ర కూడా ఉచితంగా దొరకాలి అన్నా, దానికి నేనూ మీతో కలిసి అర్జీ పెడతాను. కానీ ఆయనకు ఇచ్చే మాత్ర నా మాత్రలోంచి తీసి ఇవ్వడం లేదు కదా. క్రమంగా వాడేదాన్ని నేనే చెప్తున్నాను, నాకు అన్యాయం జరగలేదు.

చిత్తూరు_సైన్సు_మాస్టారు | సోమవారం, రాత్రి 9:34

చంద్రగిరి మిత్రులు అడిగిన ప్రశ్న చాలామంది మనసులో ఉన్నదే. నేను 30 ఏళ్ళు జీవశాస్త్రం చెప్పాను. ఒక పాత విద్యార్థి ఈ జబ్బుతో పోయాడు, అప్పటి నుంచి దీని గురించి చదువుతున్నాను.

దీన్ని దయాదాక్షిణ్యాల లెక్కలోంచి తీసి చెరువు లెక్కలో పెట్టి చూడండి. చెరువు కట్టకు గండి పడింది. గండి పడిన చోట పొలం ఎవరిది, ఎలుక బొరియ ఎందుకు పూడ్చలేదు అని పంచాయతీ పెట్టుకుని కూర్చోం. మట్టి మూటలు వేస్తాం. ఎందుకంటే కింద ఆయకట్టు అందరిదీ.

హెచ్‌ఐవీలో ఆ కట్ట ఏమిటంటే మందు. 2011లో వెలువడిన హెచ్‌పీటీఎన్ 052 అనే అధ్యయనంలో 1,763 జంటలు. ఒకరికి పాజిటివ్, ఒకరికి నెగటివ్. అందులో మన పక్కనున్న చెన్నై జంటలు కూడా ఉన్నారు, పుణె వాళ్ళూ ఉన్నారు. ముందుగా మందు మొదలుపెట్టిన జంటల్లో భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గింది. ఆ తర్వాతి అధ్యయనాలు ఇంకా ముందుకెళ్ళాయి. పరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి అలాగే నిలబడితే లైంగికంగా సోకే ముప్పు సున్నా. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని స్పష్టంగా రాసింది. రక్తం మిల్లీలీటరుకు వైరస్ వెయ్యి కాపీల లోపు ఉన్నా ముప్పు దాదాపు లేనట్టే అంది.

దీన్నే తిరగేసి చదవండి. మందు ఆపిన మనిషిలో ఆ రక్షణ పోతుంది. కాబట్టి అతను తిరిగి సెంటర్‌కు వెళ్ళిన రోజు ఒక రోగికి మందు అందిందని మాత్రమే రాసుకుంటే లెక్క తప్పుతుంది. అతని భార్యకు రక్షణ, పుట్టబోయే బిడ్డకు రక్షణ. మందు లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. మందు సరిగ్గా అందితే 5 శాతం లోపు. మన దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్ళు సుమారు 25 లక్షలు. మన రాష్ట్రం ఎక్కువ సంఖ్య ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. జీవితాంతం వాడాల్సిన మందు ఇది. ఇన్ని లక్షల మందిలో ఏదో ఒక ఏడాది ఎవరికో చావు, పెళ్ళి, వలస, అప్పు వస్తుంది, తేదీ తప్పుతుంది. తప్పినవాడిని తిరిగి రానివ్వని పద్ధతి పెట్టుకుంటే మొదటి రోజు నుంచి పెట్టిన ఖర్చంతా నీళ్ళపాలు.

చంద్రగిరి_వాసి | సోమవారం, రాత్రి 10:20

మాస్టారూ, చెరువు మాట అర్థమైంది. సోకే ముప్పు సున్నా అవుతుందని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఇంకొక సందేహం. ఆపి మళ్ళీ మొదలుపెడితే మందుకు లొంగని వైరస్ తయారవుతుందంటారు కదా, అది ఊరికి చేటు కాదా?

జనరల్_వార్డు | సోమవారం, రాత్రి 11:10

మంచి ప్రశ్న. పాత మందుల కాలంలో ఆ భయం ఎక్కువ. ఎఫావిరెంజ్ లాంటిది ఒంట్లో చాలా రోజులు నిలిచేది, తోడున్న మందులు ముందే వెళ్ళిపోయేవి. ఒక్క మందే మిగిలిన ఆ రోజుల్లో వైరస్ దాన్ని దాటడం నేర్చుకునేది. ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్నది టీఎల్‌డీ, టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిపి రోజుకు ఒకే మాత్ర. అందులోని డోలుటెగ్రవిర్‌ను వైరస్ తేలిగ్గా దాటలేదు. అందుకే తిరిగి వచ్చిన చాలామందికి అదే మాత్ర మళ్ళీ పనిచేస్తుంది. కొన్ని నెలల తర్వాత వైరల్ లోడ్ చూస్తాం, తగ్గకపోతే అప్పుడు మార్పు గురించి ఆలోచిస్తాం.

నిరోధకతకు భయపడి తలుపు వేయడం తప్పు. రోజు మార్చి రోజు వేసుకోవడం, ఇంకొకరి డబ్బాలోంచి నాలుగు అప్పు తీసుకోవడం, అసలు భయం అక్కడుంది. తిట్టిన చోటికి రాలేకనే మనుషులు అలా చేస్తారు.

పుత్తూరు_కోడలు | మంగళవారం, ఉదయం 11:25

నేను నెగటివ్. మా ఆయన పాజిటివ్. పెళ్ళయ్యాక తెలిసింది. మాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ నెగటివ్. పలమనేరు అన్న రాసింది చదివాక నా సంగతి చెప్పాలనిపించింది.

మా ఆయన బెంగళూరులో సెంట్రింగ్ పని చేసేటప్పుడు నాలుగు నెలలు మానేశాడు. నాకు చెప్పలేదు. నేనెలా కనిపెట్టానంటే, మా ఇంట్లో ఆ మాత్రల ఖాళీ డబ్బాల్లో నేను ఆవాలు, మెంతులు పోసుకుంటాను. నెలకొక డబ్బా ఖాళీ అవ్వాలి. దసరాకు వచ్చినప్పుడు ఖాళీ డబ్బా ఇవ్వలేదు, సంక్రాంతికీ ఇవ్వలేదు. "డబ్బాలేవి" అని అడిగాను. అంతే, కూలబడి ఏడ్చాడు. నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది. కానీ ఆ రోజు నేను అరిచి ఉంటే మనిషి మళ్ళీ బెంగళూరు బస్సెక్కేసేవాడు. మర్నాడు ఇద్దరం వెళ్ళాం. ఆయనకు మందు ఇచ్చారు, నాకు పరీక్ష చేశారు. వైరల్ లోడ్ మళ్ళీ తగ్గిందని తెలిసేదాకా జాగ్రత్తగా ఉండమన్నారు. మూడు నెలలకు నాకు మళ్ళీ పరీక్ష చేశారు, నెగటివ్.

అన్నా, వదినకు చెప్పండి. ఆమెకూ పరీక్ష కావాలి.

కౌన్సిలింగ్_గది | మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సిలర్‌గా చాలా ఏళ్ళు ఉద్యోగం చేసి మానేశాను. ఇది నా లోపల ఉండిపోయింది, రాస్తున్నాను. రిజిస్టర్‌లో తేదీ దాటినవాళ్ళ పట్టీ ఉంటుంది. పొద్దున రాగానే ఆ పట్టీ చూసి ఫోన్లు చేయాలి. పని ఒత్తిడిలో మేము కొందరితో కఠినంగా మాట్లాడిన రోజులు ఉన్నాయి, నేనూ మాట్లాడాను. ఒక ఆవిడను "ఇంకోసారి లేటైతే మందు ఇవ్వను" అన్నాను. బెదిరిస్తే క్రమం తప్పదనుకున్నాను. ఆవిడ మళ్ళీ రాలేదు. ఫోన్ నంబరు మారిపోయింది. ఇంటికి మనిషిని పంపితే తాళం. ఇవాళ్టికీ ఆ ముఖం గుర్తొస్తుంది.

పలమనేరు సోదరా, మీతో అలా మాట్లాడినవారు ఎవరో నాకు తెలియదు. తప్పు మీది కాదు. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మీ అనుమతి లేకుండా మీ సంగతి బయటపెట్టడం, వైద్యంలో వివక్ష చూపడం దాని ప్రకారం నిషేధం, ఫిర్యాదుకు తగిన విషయాలు. కానీ ముందు మందు, తర్వాత ఫిర్యాదు. లోపలికి వెళ్ళగానే "పక్కకు కూర్చుని మాట్లాడాలి" అని అడగండి. లారీ పని అని తప్పకుండా చెప్పండి. నిలకడగా వాడేవాళ్ళకు ఒకేసారి రెండు మూడు నెలల మందు ఇచ్చే ఏర్పాటు ఉంది. ప్రయాణంలో ఇరుక్కుంటే దారిలో ఉన్న వేరే సెంటర్‌లోనూ అడగొచ్చు.

పలమనేరు_లారీ | బుధవారం, రాత్రి 9:52

వెళ్ళొచ్చాను. పద్మక్క గేటు దగ్గర నిలబడి ఉంది. నేను టీ కొట్టు దగ్గర ఆగాను, అక్క కూడా వచ్చి టీ తాగింది, ఏమీ అనలేదు. తర్వాత ఇద్దరం లోపలికి వెళ్ళాం.

ఎవరూ తిట్టలేదు. బరువు చూశారు, 49 కిలోలు. గ్రీన్ బుక్ లేదంటే కొత్తది రాసిచ్చారు. రక్తం తీసుకున్నారు. కఫానికి చిన్న డబ్బా ఇచ్చి, ఆరుబయట చెట్టు కింద నిలబడి దగ్గి తెమ్మన్నారు. ఫలితం రేపు. మా ఆవిడకు నిన్న రాత్రే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున లేచి నాకంటే ముందే చీర కట్టుకుని తయారైంది. ఆమెకు పరీక్ష చేశారు, నెగటివ్. మళ్ళీ చేయించుకోవాలన్నారు.

పలమనేరు_లారీ | శుక్రవారం, సాయంత్రం 5:30

టీబీ ఉందన్నారు. మామూలు మందుకు లొంగే రకమే. మందు మొదలైంది. ఏఆర్‌టీ పది పన్నెండు రోజుల్లో అన్నారు.

జనరల్_వార్డు | శుక్రవారం, రాత్రి 8:05

భయపడకండి, నయమయ్యే జబ్బు. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, అది డోలుటెగ్రవిర్ బలాన్ని తగ్గిస్తుంది. అందుకే ఉదయం టీఎల్‌డీ, 12 గంటల తర్వాత డోలుటెగ్రవిర్ ఇంకొకటి ఇస్తారు. పొరపాటున రెండు ఇచ్చారనుకుని ఒకటి మానేయకండి. మొదటి వారాల్లో జ్వరం, గడ్డలు పెరిగినట్టు అనిపించొచ్చు. ఒంటికి శక్తి తిరిగొచ్చి పోరాడటం మొదలుపెట్టినప్పుడు కొందరికి అలా అవుతుంది. మందు ఆపకుండా వచ్చి చూపించుకోండి. క్యాల్షియం, ఐరన్, గ్యాస్ మందులు వాడుతుంటే ముందే చెప్పండి, వేళలు మార్చాలి. టీబీ చికిత్స ఉన్నంతకాలం పోషణకు నెలకు 1,000 మీ ఖాతాలో పడుతుంది, బ్యాంకు పుస్తకం ఇవ్వండి.

ఒక ప్రశ్న. క్యాబిన్‌లో మీ పక్కన ఎవరు పడుకుంటారు?

పలమనేరు_లారీ | శుక్రవారం, రాత్రి 8:40

క్లీనర్ కుర్రాడు. 19 ఏళ్ళు. చలికాలం అద్దాలు ఎత్తేసి ఇద్దరం అందులోనే పడుకుంటాం. వాడికీ దగ్గుంది సార్. పొగ వల్ల అనుకున్నాను.

జనరల్_వార్డు | శుక్రవారం, రాత్రి 8:47

అతన్నీ తీసుకురండి. మీకు టీబీ అని చెప్తే చాలు, ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

చంద్రగిరి_వాసి | శుక్రవారం, రాత్రి 9:30

సోమవారం నేను అడిగిన ప్రశ్న మళ్ళీ చదువుకున్నాను. ఈయన ఒక్కరు తిరిగి వెళ్ళకపోతే ఆ కుర్రాడి సంగతి ఎవరికీ తెలిసేదే కాదు. పలమనేరు అన్నా, ఆ అబ్బాయిని తీసుకెళ్ళే రోజు బండి కావాలంటే చెప్పండి, నా ఆటో ఉంది.

పలమనేరు_లారీ | పదకొండు రోజుల తర్వాత, రాత్రి 10:15

కుర్రాడికి టీబీ లేదన్నారు. రాకుండా ఉండేందుకు వాడికేదో మందు ఇస్తున్నారు. నాకు ఈ రోజు నుంచి ఏఆర్‌టీ మొదలైంది. రాత్రి మాత్ర ఇప్పుడే వేసుకున్నా. జ్వరం తగ్గింది, రెండు ముద్దలు ఎక్కువ తింటున్నా. దూది తీసేశాను. మా ఆవిడ మాత్రలను గుడ్డ సంచిలో కట్టి ఇచ్చింది, చప్పుడు రాదు.

పద్మక్కా, వచ్చే నెల 14న రమ్మన్నారు. ఆ రోజు కోయంబేడు లోడు పడేలా ఉంది. ముందు రోజే వెళ్తే ఇస్తారా?

రేణిగుంట_పద్మ | పదకొండు రోజుల తర్వాత, రాత్రి 10:21

ఇస్తారు తమ్ముడూ. 13న పొద్దున 9 కల్లా రండి, టీ కొట్టు దగ్గర ఉంటాను. మాత్రలు గుడ్డలో వద్దు, చెమ్మ పడుతుంది. డబ్బాతోనే సంచిలో పెట్టమని మీ ఆవిడకు చెప్పండి.